బయాప్సీకి ముందే చదువు

ఒరేయ్,

నిన్న నువ్వు ఫోన్ పెట్టేసినప్పటి నుంచీ నా మనసు మనసులో లేదు. నువ్వలా ఏడుస్తుంటే ఏం చెప్పినా బుర్రకెక్కదని రాస్తున్నా. చెల్లెమ్మకీ చదివి వినిపించు.

ముందు ముఖ్యమైంది. మీవాడి మోకాలి పైన గడ్డ ఎముక క్యాన్సర్ కావచ్చని, ఎల్లుండి దగ్గర్లోనే పరీక్షకి ముక్క (బయాప్సీ) తీయించేస్తామన్నావే, అది ఆపరా. బయాప్సీ వద్దని కాదు, అది లేనిదే ఏ మందూ మొదలుపెట్టరు. కానీ తర్వాత ఆపరేషన్ చేసే సర్జనే చెయ్యాలి, లేదా ఆయన చెప్పినచోటే గుచ్చాలి. సూది వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు అంటుకుని ఉండొచ్చు కాబట్టి గడ్డతోపాటు ఆ దారినీ కోసి తీసేస్తారు. తప్పుచోట గుచ్చితే, నిలబెట్టగలిగిన కాలు కూడా నిలబడకపోవచ్చు. ఎంఆర్ఐ కూడా అంతకుముందే, ఎముక మొత్తానికీ తీయించాలి. సార్కోమాలు (ఎముకల్లో, కండరాల్లో పుట్టే క్యాన్సర్లు) చూసే బృందం ఉన్న క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లండి. నాలుగు రోజులు ఆగినా ఫర్వాలేదు, నెలలు మాత్రం వద్దు.

ఎముకకి చీము పట్టినా ఎక్స్‌రే ఒక్కోసారి ఇలాగే ఉంటుంది. కాకపోతే పదహారేళ్లవాడికి మోకాలి పైన వాపు, రాత్రిళ్లు నొప్పి అంటే ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్‌ని అనుమానించాల్సిందే. బంతి తగలడం వల్ల వచ్చింది కాదురా. ఉన్నదాన్ని ఆ దెబ్బ బయటపెట్టిందంతే. ఆటకి పంపానని చెల్లెమ్మ కుమిలిపోవద్దు.

అదే అయితే మామూలుగా ముందు పది వారాలు కీమో, తర్వాత ఆపరేషన్, మళ్లీ కీమో. తీసిన గడ్డలో 90 శాతానికి పైగా కణాలు చచ్చిపోయి ఉంటే మందు బాగా పనిచేసినట్టు. ఈవింగ్ సార్కోమా అనే ఇంకో రకం అని తేలితే రేడియేషన్ కూడా బాగా పనికొస్తుంది. ఊపిరితిత్తుల సీటీ తప్పకుండా తీస్తారు, ఎందుకంటే పాకితే ముందు అక్కడికే. 1970లకి ముందు కాలు తీసేసినా ఐదుగురిలో ఒకరు బతకడం కష్టంగా ఉండేది. ఇప్పుడు పాకకముందే పట్టుకుంటే పదిమందిలో ఆరేడుగురు అయిదేళ్లు దాటుతున్నారు, చాలామందికి కాలూ నిలుస్తోంది.

మెథోట్రెక్సేట్ అనే కీమో మందు ఎక్కించే రోజుల్లో మూత్రం పోసిన ప్రతిసారీ చిన్న పేపరు ముంచి రంగు చూస్తారు. మూత్రం ఆమ్లంగా ఉంటే మందు కిడ్నీల్లో పేరుకుపోతుంది. విరుగుడుగా ఇచ్చే ల్యూకోవోరిన్ టైము తప్పకూడదు, నువ్వూ గడియారం చూసుకుంటూ ఉండు. ఇంటికొచ్చాక జ్వరం 38 డిగ్రీలు దాటితే పారాసెటమాల్ వేసి చూద్దాంలే అనుకోవద్దు. అర్ధరాత్రైనా సరే ఆస్పత్రికి పరిగెత్తాలి.

కీమోకి ముందే గుండెకి ఎకో, చెవికి వినికిడి పరీక్ష, వీర్యం దాచిపెట్టే సంగతీ అడుగు. ఈ వయసులో ఆ మాటేంటని మొహమాటపడకు, తర్వాత అడిగితే ఆలస్యమైపోతుంది.

ఆపరేషన్ అయ్యాక ఎలా ఉంటుందో నాకు తెలుసు, అలాంటివాళ్లని వ్యాయామాలతో మళ్లీ నడిపించడమే కదా నా పని. లోపల లోహపు ఎముక, మోకీలు పెట్టాక మొదట్లో మడమని మంచం మీంచి బెత్తెడు లేపడానికే చెమటలు కారిపోతాయి. విసుక్కుంటారు, నన్ను తిడతారు కూడా. అయినా రోజూ చేయించాల్సిందే. నరాలూ రక్తనాళాలూ గడ్డలో చిక్కుకుంటే మాత్రం కాలు తీయడమే క్షేమం కావచ్చు. డాక్టర్లు ఆ మాటంటే వెంటనే లేచి వచ్చేయకు. ఎందుకో పూర్తిగా విను, కావాలంటే ఇంకో సార్కోమా సర్జన్నీ అడుగుదాం.

వాడికి ఏదీ దాచొద్దు. వాడి కాలు, వాడి ఒళ్లు. ఎక్స్‌రే ఫోటో ఇవాళే పంపు, అపాయింట్‌మెంట్ నాకు వదిలెయ్. ఆదివారం నేనే వస్తున్నా.

నీ
రాజుగాడు