జంప్ లేదని గేమ్‌ని కొట్టిపారేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేముల మీద, అంటే నెట్‌లో చాలామంది తలో పాత్రనూ నడిపిస్తూ కలిసి ఆడే ఆటల మీద, మీరు వేసిన వ్యాసం చదివాను. స్పేస్ బార్ నొక్కినా క్యారెక్టర్ ఎగరలేదంటే, అంటే జంప్ లేదంటే, తయారీదారులు పని సగంలో వదిలేసినట్టేనని వ్యాసకర్త తేల్చేశారు. గేములు విడుదల కాకముందు వాటిలో తప్పులు వెతికే టెస్టర్‌ని నేను. ఆ తీర్పు నాకు చాలా అన్యాయంగా అనిపించింది.

కొత్త మ్యాప్, అంటే ఆట జరిగే ప్రాంతం, చేతికి రాగానే మేం చేసే మొదటి పని ఎక్కకూడని చోటికల్లా ఎక్కడానికి ప్రయత్నించడం. జంప్ ఉన్న గేమ్‌లో ప్రతి బండనీ, ప్రతి ఇంటి కప్పునీ, ప్రతి కొండవాలునీ అనుమానించాల్సిందే. దాని మీదకు గెంతగలమా? గెంతితే మళ్లీ దిగగలమా? రెండు రాళ్ల సందులో పడితే బయటికి దారుందా? వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ 2004లో వచ్చిన కొత్తలో ఆటగాళ్లు నిటారు కొండల మీద గెంతుతూ గెంతుతూ పైకి పాకి, ఇంకా పూర్తికాని ప్రాంతాల్లోకి వెళ్లిపోయేవారు. తర్వాత కంపెనీ ఆ దారి మూసేసింది. మ్యాప్ గీసినవాళ్లు మంచి పనిమంతులైనా సరే, వేలమంది రాత్రింబవళ్లు గెంతుతుంటే ఎక్కడో ఒక సందు దొరక్క మానదు.

అసలు తలనొప్పి గేమ్‌లో కంప్యూటరే నడిపించే రాక్షసులతో. వాళ్లు ఎక్కడెక్కడ నడవగలరో ఆ నేలంతా ముందే గుర్తించి పెడతారు. ఆటగాడు ఓ పెట్టె మీదకు గెంతాడంటే రాక్షసుడికి అక్కడికి దారే ఉండదు. కింద నిలబడి దిక్కులు చూస్తుంటే పైనుంచి తాపీగా బాణాలు వేసి చంపేయొచ్చు. ఇది ఆపడానికి వార్‌క్రాఫ్ట్‌లో, అందని చోట నిలబడినవాడి దెబ్బలు రాక్షసుడికి తగలకుండా, ఆ రాక్షసుడు వెనక్కి వెళ్లి ప్రాణం నింపుకునేలా ఏర్పాటు చేశారు. దాంతో నిజాయితీగా ఆడేవాళ్లు కూడా కాస్త ఎగుడుదిగుడు నేల మీద పోరాడుతూ అప్పుడప్పుడు ఇందులో ఇరుక్కునేవారు. ఒక్క బటన్ ఇచ్చినందుకు ఇంత పని.

పైగా ఇది పదిమంది కలిసి ఆడే ఆట. నేను గెంతానన్న కబురు సర్వర్‌కి, అంటే గేమ్‌ని నడిపే కేంద్ర కంప్యూటర్‌కి, వెళ్లాలి, అక్కణ్నుంచి చుట్టుపక్కల ఉన్న ఆటగాళ్లందరికీ చేరాలి. నెట్ కాస్త నెమ్మదించినా నా స్క్రీన్ మీద నేను గాల్లో ఉంటాను, మీ స్క్రీన్ మీద ఇంకా నేల మీదే ఉంటాను. అప్పుడు మీ కత్తి నాకు తగిలినట్టా, లేనట్టా? నా కంప్యూటర్ చెప్పిందే సర్వర్ నమ్మితే మోసగాళ్లు ఆకాశంలో తిరుగుతారు. ప్రతిదీ సరిచూస్తానంటే, లెక్క కలవనప్పుడల్లా క్యారెక్టర్‌ని వెనక్కి లాగేస్తుంది. ఆడేవాళ్లకు అంతకన్నా చిరాకు ఇంకోటి ఉండదు.

2005 నాటి గిల్డ్ వార్స్ అనే గేమ్‌ని తీసుకోండి. అందులో గెంతి దేన్నీ దాటలేం. శత్రువు పారిపోయే సందుకు అడ్డంగా నిలబడి ఒంటితో దారి మూసేయడం అక్కడ పెద్ద యుద్ధతంత్రం. తలమీంచి దూకే వీలుంటే ఆ తంత్రానికి విలువేముంటుంది? దాన్ని తయారుచేసిన కంపెనీయే 2012లో గిల్డ్ వార్స్ 2లో జంప్ ఇచ్చింది. గెంతుతూ పైకి చేరాల్సిన పజిల్స్‌ని ప్రపంచమంతా చల్లి, ఆ గెంతుకు తగ్గట్టుగా నేలను కట్టింది. ఫైనల్ ఫాంటసీ 14 కూడా 2010లో జంప్ లేకుండానే వచ్చింది. ఆ గేమ్‌ని దాదాపు మొదటి నుంచీ మళ్లీ తయారుచేసి 2013లో తెచ్చినప్పుడు జంప్ కూడా వచ్చింది. ఇక అల్టిమా ఆన్‌లైన్, రాగ్నరాక్ ఆన్‌లైన్ లాంటి పాత గేముల్లో పైనుంచి చూస్తూ, మౌస్‌తో చూపించిన వైపుకి నడిపించడమే. అక్కడ గెంతాలన్న ఆలోచనే రాదు.

అయినా వ్యాసకర్త కోపం నాకు అర్థమైంది. డ్రాగన్‌ని చంపి వచ్చిన వీరుడు మోకాలెత్తు కంచె దగ్గర ఆగిపోతే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. జంప్ ఇవ్వకూడదనుకున్నవాళ్లు అలాంటి కంచె పెట్టనేకూడదు. అక్కడ లోయ పెట్టాలి, నది పెట్టాలి, లేదా ఎత్తయిన గోడ కట్టాలి. ఇలాంటివి కనిపించినప్పుడల్లా నేను బగ్ (గేమ్‌లో తప్పు) కింద రాస్తాను. కావాలనే అలా పెట్టాం అని తయారీదారులు రాసి ఫైలు మూసేసి పంపిస్తుంటారు. మళ్లీ తెరిచి మళ్లీ రాస్తాను. ఈ విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను, ఎందుకంటే మొత్తం గేమ్‌కి చెడ్డపేరు తెచ్చేది ఆ ఒక్క కంచే.

గెంతడంలో సరదా లేదని నేను అనను. జట్టులో మిగతావాళ్ల కోసం ఎదురుచూస్తూ నలుగురూ ఊరికే ఎగురుతుంటే ఆ మ్యాప్‌కే కళ వస్తుంది. ఆ సరదా వదులుకోవడం తయారీదారులకూ కష్టమే.

అందుకే మీ వ్యాసకర్తకు నా విన్నపం ఒకటే. ఈసారి జంప్ లేని గేమ్ సమీక్షించేటప్పుడు ఆ మ్యాప్ అంచులదాకా ఓసారి నడిచి చూడండి. మిమ్మల్ని ఆపింది కొండా, కంచా అన్నది చూసి, అది రాయండి. తిట్టాల్సిన కంచెలు కనిపిస్తే గట్టిగా తిట్టండి. నేను పదేపదే రాసే ఆ బగ్ రిపోర్టులకు కాస్త బలం వస్తుంది.

ఇట్లు,
ఒక గేమ్ టెస్టర్