‘మీది ఏ మిషను?’ అని అడగడం తెలిసిన మనకు

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల చెన్నైలో మా తెలుగు క్రైస్తవ సంఘంలో ప్రేమవిందు, అంటే సంఘమంతా కలిసి తినే భోజనం, జరిగింది. ఆరాధన అయ్యాక అందరం వరసగా కూర్చుని తిన్నాం. తిన్న తర్వాత ఎప్పటిలాగే నలుగురు ఆడవాళ్లు పెద్ద గిన్నెలు ఎత్తుకుని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లారు. నలుగురివీ కార్పొరేషన్‌లో పారిశుద్ధ్య పని చేసే కుటుంబాలు. వాళ్లలో ఒకామె కూతురు ప్లస్ టూ చదువుతోంది. ఆ పిల్ల పెద్దల దగ్గరికి వచ్చి, “అంకుల్, ప్రతిసారీ మా అమ్మవాళ్లే ఎందుకు కడగాలి?” అని మెల్లగానే అడిగింది. ఒక పెద్దాయన, “దేవుని మందిరంలో ఇలాంటి మాటలు వద్దమ్మా, ఇక్కడ కులం లేదు” అన్నారు. పిల్ల ఇంకేం మాట్లాడలేదు. వెళ్లి తల్లి పక్కన కూర్చుని బూడిద తీసుకుని గిన్నె తోమింది.

ఆ పిల్ల కులం అనే మాటే ఎత్తలేదు. ఎత్తింది పెద్దాయన. నేను రెండడుగుల దూరంలో ఉండి కూడా నోరు విప్పలేదు. అప్పటినుంచి మనసులో నలుగుతున్నదే ఇప్పుడు రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది పెరంబూరులో. మా పెద్దలది ఒంగోలు దగ్గర పల్లె. 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్విన కూలీల్లో మా ముత్తాత తండ్రి ఒకడని ఇంట్లో చెప్పుకుంటారు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీగా ఉన్న క్లౌ దొర ఆ కాలువలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని మాదిగ కూలీలకు పని ఇప్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట పడకూడదని కరువు తీరేదాకా బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మ ఏట్లో బాప్తిస్మం పొందారు. అంతకుముందు ఒంగోలులో పైకులాలవాళ్లు మాదిగల్ని చేర్చుకుంటే తాము రామని ఆయనకు తెగేసి చెప్పారు. ఆయన మాదిగల వైపే నిలబడ్డాడు. మైలాపూరులో ఎం.ఆర్.టి.ఎస్. రైలెక్కినప్పుడల్లా కింద నల్లగా పారే ఆ కాలువనే చూస్తుంటాను. దాన్ని తవ్వినవాళ్ల మునిమనవరాళ్లు మన మధ్య గిన్నెలు తోముతున్నారు.

కులం లేదని అంటాం గానీ పెళ్లి సంబంధం వస్తే మొదట అడిగే మాట ‘మీది ఏ మిషను?’. అంటే మీ పెద్దలు ఏ మిషనరీ సంస్థ ద్వారా క్రైస్తవులయ్యారని. వినేవాళ్లకు అది సంఘం గురించిన ప్రశ్నలా ఉంటుంది. ఒంగోలు వైపు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ, గుంటూరు వైపు లూథరన్లలో మాలలు ఎక్కువ అని మనందరికీ తెలుసు కాబట్టి, ఆ ఒక్క ప్రశ్నతో కులం బయటపడిపోతుంది. పైకులాలనుంచి వచ్చిన కుటుంబాలు ఇంటిపేరుతోనే పని జరుపుకుంటాయి. ఆదివారం ఒకే రొట్టె విరిచి తిన్నవాళ్లం, సోమవారం సంబంధం మాట వచ్చేసరికి వేరైపోతాం.

ఈ మౌనానికి భయం కూడా ఒక కారణం. అది చెప్పకపోతే అన్యాయం చేసినట్టవుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ వర్తింపజేశారు, క్రైస్తవులకు మాత్రం ఇవ్వలేదు. మతం మారితే ఆంధ్రాలో బీసీ–సీలో, తమిళనాడులో బీసీల్లో చేరుస్తారు. పిల్లల చదువు, ఉద్యోగం ఎస్సీ సర్టిఫికెట్ మీద ఆధారపడి, క్రైస్తవులమని తెలిస్తే అది పోతుందని భయపడే ఇంట్లో చర్చిలో కులం మాట ఎత్తాలంటే ఎంత టెన్షనో నాకు తెలుసు. అలాంటివాళ్లను తప్పుపట్టలేను. కానీ మాట్లాడినా పోయేదేమీ లేని కమిటీ సభ్యులు, రిటైరైనవాళ్లు, పాస్టర్లు ఎందుకు ఊరుకుంటున్నారు?

మనం కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. బైబిల్లో అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీసి చూడండి. రోజూ పంచిపెట్టేచోట తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు హెబ్రీయుల మీద సణిగారు. సణగడం పాపమని అపొస్తలులు నోరు మూయించలేదు. సంఘాన్నంతా పిలిచి, ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, ఇలా ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. అంటే ఫిర్యాదు చేసిన పక్షం చేతికే పంపకం వెళ్లిందన్నమాట. ఇన్నేళ్లు సండే స్కూల్లో స్తెఫను ఎలా చనిపోయాడో చెప్పాను గానీ, అతన్ని ఏ గొడవ తీర్చడానికి ఎన్నుకున్నారో పిల్లలకు ఒక్కసారీ వివరించలేదు.

మన ఊరికే ఇంకో చరిత్ర ఉంది. సంఘంలో కులభేదం వెంటనే, పూర్తిగా మానాలని 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ ఉత్తర్వు రాస్తే, అది నచ్చక మద్రాసులోని వేపేరిలో, తంజావూరులో చాలామంది సంఘం విడిచిపోయారు. 1850లో మద్రాసు మిషనరీల సమావేశం, ఏ కులంవాళ్లు వండినా తినడానికి ఒప్పుకోనివాడు కులం విడిచినట్టు కాదని తీర్మానం చేసింది. ప్రేమవిందుకు అంత అర్థం ఉండేది. 2016 డిసెంబరులో మన దేశపు కాథలిక్ బిషప్పులు దళితుల విషయంలో ఒక విధాన పత్రం తెచ్చి, తమ సంఘంలోనూ వివక్ష ఉందని ఒప్పుకున్నారు. 2022లో మన తెలుగువాడు, హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ దళితుల్లోంచి తొలి కార్డినల్ అయ్యారు. ఒప్పుకుంటే సంఘం పరువు పోతుందన్నది నేను నమ్మను.

రంగు సంగతి కూడా ఉంది. 1959లో, అమెరికాలో నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ కేరళలో ఒక బడికి వెళితే ప్రిన్సిపాల్ ఆయన్ను ‘అమెరికానుంచి వచ్చిన అంటరాని సోదరుడు’ అని పిల్లలకు పరిచయం చేశారట. మొదట మనసు కష్టపడిందనీ, ఆలోచించాక ‘అవును, నేను అంటరానివాణ్నే’ అనుకున్నాననీ ఆయనే 1965లో ప్రసంగంలో చెప్పారు. అలాంటి మనిషి గురించి ఆరాధన ప్రసంగాల్లో గొప్పగా చెప్పుకునే మా సంఘానికి, కిందటేడు ఇంగ్లిష్ ఆరాధనకు ఒక ఆఫ్రికా విద్యార్థి వచ్చాడు. అతని బల్ల మీద ఇంకో ముగ్గురు కూర్చునే చోటుంది, ఎవరూ కూర్చోలేదు. మూడు ఆదివారాలు వచ్చి మానేశాడు. బ్యూటీ పార్లర్లో పనిచేసే మణిపూర్ అమ్మాయిని మావాళ్లు ‘చైనా పిల్ల’ అంటారు. సొంత ఊళ్లో చర్చీలు కాలిపోయిన పిల్ల ఆమె. పెళ్లికూతురు రంగు గురించి మనం మాట్లాడుకునే మాటలు ఇక్కడ రాయలేను.

అందుకని తెలుగు సంఘాల పాస్టర్లకు, పెద్దలకు నా మనవి. మూడు నెలలకొకసారి ఆరాధన తర్వాత ఒక గంట కేటాయించండి. కులం, రంగు, భాష వల్ల కలిగిన బాధను ఎవరైనా లేచి చెప్పుకోనివ్వండి. చెప్పినవాళ్లను ‘విశ్వాసం తక్కువ’ అనకండి. విన్నది మినిట్స్‌లో రాసి, తర్వాతి సమావేశంలో ఏం చేశారో చదివి వినిపించండి. నలుగురి ముందు చెప్పలేనివాళ్లుంటారు, ముఖ్యంగా ఆడవాళ్లు. వాళ్ల మాట వినడానికి కమిటీలో పెత్తనం లేని ఇద్దరిని పెట్టండి. ప్రేమవిందులో వంట, వడ్డన, కడగడం ఇంటిపేర్ల వరసన అందరికీ రావాలి, మగవాళ్లకు కూడా.

నవంబరు రెండో ఆదివారాన్ని దేశంలో చాలా సంఘాలు దళిత విమోచన ఆదివారంగా పాటిస్తాయి. మా సంఘంలో ఇంతవరకు ఆ ఊసే లేదు. ఈసారి పాటించాలనీ, ఆ రోజు మొదటి అంశంగా ఆ పిల్ల అడిగిన ప్రశ్ననే తీసుకోవాలనీ కమిటీకి రాసి ఇచ్చాను. నేను చెప్పడం కాదు, ఇష్టమైతే ఆ పిల్లే లేచి మళ్లీ అడగాలని కూడా రాశాను. కమిటీ నుంచి జవాబు ఇంకా రాలేదు. ఆ పిల్ల మాత్రం అడుగుతానంది.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, పెరంబూరు, చెన్నై