మన కార్ల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది స్టెల్వియో క్వాడ్రిఫోలియో అమ్మిన కథ

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశానికి ముందు ఎప్పట్లాగే కమిటీ తరఫున ఏడాదంతా ఏం చేశామో రాసి పంపుతున్నాం. కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక్క మాట, న్యూజెర్సీ, న్యూయార్క్, పెన్సిల్వేనియా వైపు ఉంటూ కార్లంటే ప్రాణం పెట్టే తెలుగోళ్లం కలిసి పెట్టుకున్న చిన్న సంఘం ఇది, ఎవరి దగ్గర ఏ కారున్నా చేరొచ్చు, హోండా అయినా పోర్షా అయినా ఒకటే చందా.

పోయినసారి మీటింగ్‌లో చాలామంది గట్టిగా అడిగింది ఒకటే. డ్రైవ్‌లు, టిఫిన్లు బానే ఉన్నాయి గానీ ఇంత డబ్బు పోసి కొన్న కారు అమ్మేటప్పుడు డీలర్ చెప్పిన రేటుకి తలూపి వచ్చేస్తున్నాం, దానికి సంఘం ఏమైనా చెయ్యదా అని. న్యాయమైన ప్రశ్న. అందుకే ఈ ఏడాది మన టైమ్‌లో పెద్ద భాగం వేలం పాటల మీదే పెట్టాం, ఈ రిపోర్ట్‌లో కూడా దాని గురించే ఎక్కువ రాస్తున్నా, మిగతావి తొందరగా చెప్పేస్తా.

డ్రైవ్‌ల సంగతి. వసంతంలో ఒకటి, ఆకులు రంగు మారే టైమ్‌లో ఒకటి, రెండూ హారిమన్ స్టేట్ పార్క్‌లో సెవెన్ లేక్స్ డ్రైవ్ మీదే. వాన వల్ల జూన్‌ది కేన్సిల్ అయింది. పిల్లలతో వచ్చిన ఫ్యామిలీలు బాగా పెరిగాయి, ఇది నిజంగా సంతోషం. ఇడ్లీ, పులిహోర తెచ్చిన వదినలకీ అక్కలకీ కమిటీ తరఫున థాంక్స్.

ఇక అసలు విషయం. మన సభ్యుల్లో ఒక అన్న దగ్గర 2018 మోడల్ ఆల్ఫా రోమియో స్టెల్వియో క్వాడ్రిఫోలియో ఉండేది, ఎర్రది, డ్రైవ్‌లకి వచ్చినవాళ్లందరికీ తెలుసు, పేరు మాత్రం రాయొద్దన్నాడు. అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చి ఇక్కడే ఉండబోతున్నారు, ఏడుగురు కూర్చునే బండి కావాలి, ఇది అమ్మక తప్పదు అని కమిటీకి చెప్పాడు. ఆ అమ్మకాన్నే అందరికీ పాఠంలా చేద్దామా అని అడిగితే మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడు, అందుకు ఆయనకి సంఘం రుణపడి ఉంది.

ఈ కారు గురించి తెలియనివాళ్లకి కాస్త చెప్పాలి, ఎందుకంటే అమ్మడం ఎందుకంత కష్టమో అప్పుడే అర్థమవుతుంది. ఆల్ఫా రోమియో 1910లో మిలాన్‌లో పుట్టిన కంపెనీ, అంత పాత కంపెనీ చేసిన మొట్టమొదటి ఎస్‌యూవీ ఈ స్టెల్వియో, 2016 నవంబర్‌లో లాస్ ఏంజెలెస్ ఆటో షోలో చూపించారు. పేరు ఆల్ప్స్ కొండల్లో ఉన్న స్టెల్వియో పాస్‌ది, 2,757 మీటర్ల ఎత్తు, ఉత్తరం వైపు నుంచి ఎక్కితే 48 హెయిర్‌పిన్ మలుపులు. ఇటలీలో కసినో ఫ్యాక్టరీలో చేస్తారు. మామూలు స్టెల్వియోలో 2 లీటర్ల టర్బో ఇంజిన్ ఉంటుంది, క్వాడ్రిఫోలియో మాత్రం వేరే జాతి, ఫెరారీ నుంచి వచ్చిన ఇంజినీర్ల చేతిలో తయారైన 2.9 లీటర్ల ట్విన్ టర్బో వీ6, 505 హార్స్‌పవర్, 0 నుంచి 60 మైళ్లు 3.6 సెకన్లు అని కంపెనీ లెక్క, టాప్ స్పీడ్ 176 మైళ్లు. ఆల్ వీల్ డ్రైవే గానీ మామూలుగా పవర్ అంతా వెనక చక్రాలకే వెళ్తుంది, పట్టు తప్పినప్పుడు సగం దాకా ముందుకి పంపుతుంది, అందుకే స్టీరింగ్ తిప్పితే ఎస్‌యూవీలా అనిపించదు. 2017లో జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్ మీద ఫాబియో ఫ్రాంచియా అనే డ్రైవర్ దీన్ని 7 నిమిషాల 51.7 సెకన్లలో తిప్పాడు, అప్పటికి ప్రొడక్షన్ ఎస్‌యూవీల్లో అదే రికార్డు, మరుసటి ఏడాది మెర్సిడెస్ ఏఎంజీ జీఎల్‌సీ 63 ఎస్ దాన్ని దాటింది.

క్వాడ్రిఫోలియో అంటే నాలుగాకులని అర్థం, ఫెండర్ మీద, అంటే ముందు చక్రం పైభాగంలో, ఉండే ఆ నాలుగాకుల గుర్తు వెనక కూడా పెద్ద కథే ఉంది. ఊగో సివోచ్చి అనే రేసర్ 1923లో ఆ గుర్తు వేసుకుని ఇటలీలో టార్గా ఫ్లోరియో అనే రేసు గెలిచాడు, అదే ఏడాది సెప్టెంబర్‌లో మోంజా ట్రాక్ మీద ఆ గుర్తు లేని కారు నడుపుతూ చనిపోయాడు. ఆల్ఫా వాళ్లు అప్పట్నుంచి తమ ఫాస్ట్ కార్ల మీద ఆ గుర్తు వదల్లేదు. మన డ్రైవ్‌లో పిల్లలు ఆ స్టిక్కర్ ఏంటి అంకుల్ అని అడిగితే ఆ అన్న ఈ కథే చెప్పేవాడు.

ఇంత గొప్ప కారు, మరి రేటు? 2018లో కొత్తది 79,995 డాలర్ల నుంచి మొదలు, డెలివరీ చార్జీలు, ఆప్షన్లు కాకుండా. ఇన్నేళ్లయ్యాక అందులో సగం కూడా రావడం కష్టం. ఇటాలియన్ కారు, రిపేర్ అంటే భయం, డీలర్లు తక్కువ, 4 ఏళ్లు లేదా 50,000 మైళ్ల వారంటీ అయిపోగానే కొనేవాడు పది సార్లు ఆలోచిస్తాడు. అదే తరహా పోర్షా మకాన్ అయితే ఇంత ఘోరంగా పడదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకి ఇది వరమే, అమ్మేవాళ్లకే దెబ్బ. అన్న మొదట ఒక డీలర్ దగ్గరికి వెళ్తే అక్కడ కారు చుట్టూ ఒక్క రౌండ్ కొట్టి, స్టార్ట్ కూడా చెయ్యకుండా, మామూలు స్టెల్వియోకి కాస్త పైన రేటు చెప్పారట. క్వాడ్రిఫోలియో అంటే ఏంటో తెలిసినవాడు ఆ కౌంటర్‌లో లేడు. తప్పు కారుది కాదు, అడిగిన చోటుది. కమిటీ అభిప్రాయం అదే, ఈ కారుని తెలిసినవాళ్ల ముందు పెట్టాలి.

అందుకే ఆన్‌లైన్ వేలం. అమెరికాలో ఇలాంటి కార్లకి పేరున్నవి రెండు, 2007లో మొదలైన బ్రింగ్ ఎ ట్రైలర్, 2020లో యూట్యూబ్‌లో కార్ల రివ్యూలు చేసే డగ్ డెమ్యూరో పెట్టిన కార్స్ అండ్ బిడ్స్, రెండోదాంట్లో 1980ల నుంచి ఇప్పటిదాకా వచ్చిన కార్లే ఎక్కువ. రెండింట్లోనూ కారుని కొన్ని రోజులు పాటలో ఉంచుతారు, ఫీజు శాతం లెక్కన పడేది కొనేవాడి మీదే. ఆఖరి నిమిషంలో దూరి ఎత్తుకుపోవడం ఉండదు, బ్రింగ్ ఎ ట్రైలర్‌లో చివరి 2 నిమిషాల్లో ఎవరైనా పాట పెంచితే గడియారం మళ్లీ 2 నిమిషాలకి వెళ్తుంది. రిజర్వ్ పెట్టుకోవచ్చు, అంటే ఇంత రాకపోతే అమ్మను అని, లేదా నో రిజర్వ్ అని వదిలెయ్యొచ్చు. నో రిజర్వ్ అంటే పాడేవాళ్లు ఎక్కువ వస్తారు గానీ ఈ కారుకి మేం రిజర్వే పెట్టమన్నాం, మార్కెట్ చిన్నది, సరైన ఇద్దరు ఆ రోజు లేకపోతే మునిగిపోతాం.

తయారీకి రెండు వీకెండ్లు పట్టాయి, సంఘం సభ్యులు కలిసి అన్న గరాజ్‌లోనే చేశాం. రేటుని నిలబెట్టింది వదిన ఫైల్ అని నా గట్టి నమ్మకం. కొన్న రోజు విండో స్టిక్కర్ దగ్గర్నుంచి ప్రతి ఆయిల్ చేంజ్ బిల్, టైర్ల రసీదు, బ్రేక్ ఫ్లూయిడ్ మార్చిన కాగితం, అన్నీ తేదీ వరసలో ప్లాస్టిక్ కవర్లలో పెట్టి ఉన్నాయి, ప్రతి బిల్ మీద మైలేజ్ పెన్‌తో గుండ్రంగా చుట్టి ఉంది. టేబుల్ మీద పరిచి ఒక్కొక్కటీ ఫోటో తీశాం. కొనేవాడు వందల మైళ్ల దూరంలో ఉంటాడు, కారు చూడలేడు, ఈ కాగితాలే వాడికి కళ్లు.

తర్వాత కారు. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కోల్డ్ స్టార్ట్ వీడియో తీశాం, బానెట్ ఎత్తి ఒకటి, ఎగ్జాస్ట్ దగ్గర ఒకటి. ఇంజిన్ ముందే వేడి చేసి తీస్తే తెలిసినవాళ్లు పట్టేస్తారు, మళ్లీ నమ్మరు. పెయింట్ మందం కొలిచే మీటర్‌తో ప్రతి ప్యానెల్ చూశాం, వెనక బంపర్ మూల ఒకసారి రీపెయింట్ అయిందని ఆ అన్నే చెప్పాడు, ఆ మాట లిస్టింగ్‌లో, అంటే వేలం సైట్‌లో మన కారు పేజీలో, పైనే రాయించాం. ముందు కుడి వీల్ అంచు ఫుట్‌పాత్‌కి గీరుకుంది, దానికి దగ్గర్నుంచి రెండు ఫోటోలు. డ్రైవర్ సీట్ పక్కన ఎత్తుగా ఉండే బోల్‌స్టర్ లెదర్ నలిగింది, దానికీ ఫోటో. ఒక సభ్యుడు "ఇవన్నీ ఎందుకన్నా చూపించడం, రేటు పడిపోదా" అన్నాడు. పడదు. నాలుగు చిన్న లోపాలు ముందే చూపిస్తే మిగతాదంతా బాగుందని నమ్ముతారు, దాస్తే ఉన్నవాటికి పదింతలు ఊహించుకుంటారు.

ఈ మోడల్‌కి కొన్ని ప్రత్యేకంగా చూడాలి. బ్యాటరీ వీక్ అయితే డాష్ మీద సంబంధం లేని వార్నింగులన్నీ వెలుగుతాయి, ఫోటోలకి ముందే టెస్ట్ చేయించాలి. టైర్లు తొందరగా అరుగుతాయి, ఆల్ వీల్ డ్రైవ్ కాబట్టి ఒకటి కొత్తది మూడు అరిగినవి ఉంటే కుదరదు. బ్రేకులు ఇనుపవా కార్బన్ సెరామిక్కా స్పష్టంగా రాయాలి, సెరామిక్ అయితే డిస్క్ మార్చడం చాలా ఖర్చు, కొనేవాడు మొదట అడిగేది అదే. కారు గుర్తింపు నంబరైన 17 అక్షరాల, అంకెల విన్‌ని ఫెడరల్ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొడితే పెండింగ్ రికాల్స్, అంటే కంపెనీయే సరిచెయ్యాల్సిన లోపాలు, తెలుస్తాయి, అవి చేయించేశాకే పాటకి పెట్టాలి, ఫ్రీగా చేస్తారు కాబట్టి బద్ధకించొద్దు.

పాట ముగిసే రోజు సాయంత్రం కొంతమందిమి అన్న ఇంట్లోనే కూర్చున్నాం. వారమంతా నత్తనడక, డీలర్ చెప్పిన రేటు కూడా దాటలేదు, వదిన మొహం వాడిపోయింది. అసలు పోటీ చివర్లోనే మొదలవుతుందని చెప్తూనే ఉన్నాం. చివరి నిమిషాల్లో ఇద్దరు పట్టుకున్నారు, ఒకడు 500 పెంచితే ఇంకొకడు 250, గడియారం మళ్లీ మళ్లీ వెనక్కి, అలా రిజర్వ్ దాటేసింది. వచ్చింది కొత్త రేటులో సగానికి కాస్త తక్కువే, అది కారు మార్కెట్, మార్చలేం. కానీ డీలర్ మాటతో పోలిస్తే అన్నకి మిగిలింది చిన్న మొత్తం కాదు, పైగా కారు ఒక ఆల్ఫా ప్రేమికుడి గరాజ్‌కే వెళ్లింది, వారంలో ఆయనే ఫోటో పంపాడు.

పాట అయ్యాక పని అయిపోయిందనుకోవద్దు. లోన్ ఉంటే టైటిల్, అంటే కారు ఎవరిదో చెప్పే కాగితం, బ్యాంక్ దగ్గరుంటుంది, కొన్ని రాష్ట్రాల్లో అది ఎలక్ట్రానిక్‌గా ఉంటుంది, లోన్ కట్టేశాక కాగితం చేతికి రావడానికి వారాలు పట్టొచ్చు, కాబట్టి పాటకి ముందే బ్యాంక్‌తో మిగిలిన లోన్ తీర్చే సంగతి మాట్లాడుకోండి. 2011, ఆ తర్వాతి మోడల్ కార్లకి 20 ఏళ్ల దాకా ఓడోమీటర్ డిస్‌క్లోజర్, అంటే కారు ఎన్ని మైళ్లు తిరిగిందో, రాసివ్వాలి, ఫెడరల్ రూల్. డబ్బు వైర్‌లో వచ్చి, మీ బ్యాంక్‌కి మీరే ఫోన్ చేసి కన్ఫర్మ్ చేసుకునే దాకా తాళాలు ఇవ్వొద్దు, క్యాషియర్ చెక్ ఫోటో చూసి మురిసిపోవద్దు. న్యూజెర్సీవాళ్లు నంబర్ ప్లేట్లు విప్పుకుని ఎంవీసీలో, అంటే రాష్ట్ర వాహనాల ఆఫీసులో, ఇచ్చేశాకే ఇన్సూరెన్స్ కేన్సిల్ చెయ్యాలి.

అక్టోబర్‌లో డీలర్ లైసెన్స్ ఉన్న మన సభ్యుడొకరు హోల్‌సేల్ వేలాల మీద మాట్లాడారు. పెన్సిల్వేనియాలో మ్యాన్‌హైమ్ అనే వేలం కంపెనీ 1945 నుంచి నడుస్తోంది, అక్కడ పాడేది డీలర్లే, మనలాంటివాళ్లకి ప్రవేశం లేదు. మనం ట్రేడ్ ఇన్ ఇచ్చిన, అంటే కొత్తది కొంటూ డీలర్‌కి వదిలేసిన, కార్లు చాలావరకు అలాంటి వేలం లేన్లలోకే, అంటే కార్లు వరసగా పాటకి వచ్చే దారుల్లోకే, వెళ్తాయి. కారు నిమిషాల్లో అమ్ముడైపోతుంది, పచ్చ లైట్ వెలిగితే పెద్ద మెకానికల్ లోపాలు లేవని అమ్మేవాడు హామీ ఇచ్చినట్టు, ఎర్ర లైట్ అంటే ఉన్నది ఉన్నట్టు తీసుకోవాలి. డీలర్ మనకి ఆఫర్ ఇచ్చేటప్పుడు మనసులో వేసుకునేది ఆ లేన్ రేటే, దాన్లోంచి తన ఖర్చులూ లాభమూ తీసేస్తాడు. అది తెలిస్తే ఆ ఆఫర్ అంత తక్కువెందుకో తెలుస్తుంది, డీలర్ మీద కోపం కూడా తగ్గుతుంది.

ఇంకో ప్రశ్న చాలాసార్లు వచ్చింది, ఇంత చవగ్గా వస్తే ఒకటి కొని హైదరాబాద్ పంపొచ్చు కదా అని. కుదరదు. ఆల్ఫా రోమియో ఇండియాలో అఫీషియల్‌గా అమ్మట్లేదు, పాత కారు దిగుమతికి కుడివైపు స్టీరింగ్ ఉండాలి, మూడేళ్లు దాటకూడదు, ఆపైన డ్యూటీ నడ్డి విరుస్తుంది. ఇక్కడ మనం నడిపేవన్నీ ఎడమవైపు స్టీరింగే. దయచేసి ఎవరైనా ఏజెంట్ నేను చూసుకుంటా అంటే డబ్బు కట్టొద్దు.

జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం, ఆడిట్ అయిపోయింది. పెయింట్ మీటర్, టైర్ ట్రెడ్ గేజ్, బ్యాటరీ టెస్టర్ ఈ ఏడాది సంఘం డబ్బుతోనే కొన్నాం, ఏ సభ్యుడైనా ఫ్రీగా తీసుకెళ్లి వారంలో తిరిగిచ్చెయ్యాలి. స్టెల్వియో లిస్టింగ్‌కి చేసిన సహాయానికి అన్న సంఘానికి డబ్బు ఇస్తానన్నాడు, కమిటీ తీసుకోలేదు, అమ్మకాల మీద కమీషన్ అనే మాట మన సంఘంలో ఎప్పటికీ రాకూడదని తీర్మానం పెడుతున్నాం, దీన్ని అందరూ పాస్ చెయ్యాలని నా విన్నపం.

వచ్చే ఏడాదికి ముగ్గురు సభ్యులు కార్లు పాటకి పెడతామని చెప్పారు, అందులో ఒకటి ఆల్ఫా వాళ్ల సెడాన్ జూలియా క్వాడ్రిఫోలియో, దాన్లోనూ ఇదే వీ6. ఫోటోలు తీయడం వచ్చినవాళ్లు ఇద్దరు కావాలి, కెమెరా లేకపోయినా పర్లేదు, ఓపిక ఉంటే చాలు. కార్యదర్శి పోస్ట్‌కి నామినేషన్లు సమావేశం ముందురోజు రాత్రి దాకా తీసుకుంటాం. చందా రెన్యువల్ మీటింగ్ దగ్గరే కట్టొచ్చు, వచ్చేటప్పుడు మీ కారు సర్వీస్ కాగితాలు ఉన్నవి ఉన్నట్టు సంచిలో వేసుకుని తెండి, ఫైల్ ఎలా పెట్టాలో వదిన దగ్గరుండి చూపిస్తానన్నారు.

మీ,
కార్యదర్శి, కమిటీ తరఫున