పదమూడో వచనం దాకా చదివించినవాళ్లకు వందనాలు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

కాలు విరిగిన నలభై మూడు రోజుల తర్వాత నిన్న మొదటిసారి వాకర్ పట్టుకుని మా వీధి చివరిదాకా నడిచాను. ఇంటికొచ్చి కూర్చోగానే ఇది రాయడం మొదలుపెట్టా. ఇలాంటి కృతజ్ఞత మాటలు యేసు ప్రభువు బాగుచేసిన పదిమంది కుష్ఠరోగుల కథతో మొదలుపెట్టడం మాలో ఆనవాయితీ. కృతజ్ఞత చెప్పడానికి ఒక్కడే తిరిగొచ్చాడు, తక్కిన తొమ్మిదిమంది ఏమయ్యారు అని. నేనూ చాలాసార్లు చెప్పాను. ఈసారి చెప్పను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

నన్ను తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మాది కడప జిల్లా జమ్మలమడుగు. చిన్న నాపరాళ్ల యార్డు ఉంది. ఎర్రగుంట్ల వైపు నుంచి బండలు తెచ్చి, పాలిష్ పట్టి, అంచులు కోసి అమ్ముతా. ఇళ్లకు బండపరుపు కూడా ఒప్పుకుంటా. పనివాళ్లు ఐదుగురు. మా పాస్టరయ్య చూసుకోవాల్సిన పల్లెలు చాలా ఉన్నాయి కాబట్టి ఆయన రాలేని ఆదివారాల్లో సంఘంలో వాక్యం నేను చెప్తా. పదకొండేళ్లయింది.

శ్రమల దినాల్లో, అంటే ఈస్టరుకు ముందు మేం ఉపవాసాలుండే రోజుల్లో, ఒక మంగళవారం పొద్దున, ఆనించి నిలబెట్టిన బండల వరసలోంచి నడిమి బండ లాగబోయా. ముందున్నవి తియ్యకుండా నడిమిది ముట్టుకోవద్దని పనివాళ్లకు రోజూ చెప్పేది నేనే. గిరాకీ నిలబడి ఉన్నాడు, తొందర. వరసంతా కాలి మీదికి వాలింది. మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి.

బండలు ఎత్తింది మా పనివాళ్లు నలుగురు. 108కు ఫోన్ చేశారు గానీ అంతలో రోడ్డున పోయే ఆటో ఆయన కేక విని ఆపి, ఎక్కిన ముగ్గురు ఆడవాళ్లను దించేసి నన్ను ఎక్కించుకున్నాడు. ఆ ముగ్గురూ ఎవరో నాకు తెలియదు. ఎండలో నిలబడి వేరే ఆటో కోసం చూశారట. మీరెవరైనా సరే అమ్మా, మీకు మొదటి వందనం. ప్రొద్దుటూరు ఇరవై కిలోమీటర్లు. ఆటో ఆయన డబ్బులు తీసుకోలేదు. నెల తర్వాత మా అబ్బాయి స్టాండుకు వెళ్లి బలవంతంగా జేబులో పెడితే టీ తాగించి పంపించాడు.

ఆటోలో నా తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది మా యార్డులో అంచులు కోసే అబ్బాయి. ఈ పోస్టు అసలు ఆయన కోసమే. పేరు రాస్తానంటే వద్దన్నాడు. "మా మామోళ్లు చూస్తే బాగుండదన్నా, జీతం బాకీ సంగతి వాళ్లకు తెలీదు" అన్నాడు. ఇక్కడి నుంచి నా సంగతి చెప్పాలి.

ఆయనకు నేను పదకొండు రోజుల కూలి బాకీ. రోజుకు 700 చొప్పున 7,700 రూపాయలు. రెండు శనివారాలు బట్వాడా చెయ్యలేదు. ఒక ఇంటి పని డబ్బులు నాకూ రాలేదు, అది నిజమే. కానీ ఆ రెండో శనివారమే సంఘం రంగులకని 5,000 కానుక ఇచ్చాను. ఆదివారం నా పేరు చదివారు కూడా. శనివారం రాత్రి ఆ అబ్బాయి భార్య మా ఇంటికొచ్చి మా ఆవిడను అడిగితే, లోపలి గదిలోంచి "సోమవారం చూద్దాంలే అమ్మా" అని కేక వేశాను. లోపల నేను చేస్తున్నది మరుసటి రోజు ప్రసంగానికి నోట్సు రాసుకోవడం.

ప్రసంగం దేని మీదో తెలుసా? పరిశుద్ధ జీవితం. లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయం, రెండో వచనం. నేను పరిశుద్ధుడను గనుక మీరూ పరిశుద్ధులై ఉండాలని దేవుడు చెప్పే చోటు. ముప్పావు గంట చెప్పాను. సినిమాలు, రీల్స్, జర్దా, ఆలస్యంగా రావడం, చెవికి పోగు పెట్టుకుని కీబోర్డు వాయించడం. ఈ చివరిది పేరు పెట్టకుండా ఒక కుర్రవాణ్ని ఉద్దేశించి అన్నది. వాడితో పాటు అందరికీ అర్థమైంది. నేను కూలి బాకీ ఉన్న అబ్బాయి, భార్య, బిడ్డ వెనక స్తంభం పక్కన కూర్చుని విన్నారు.

ఆటోలో మైదుకూరు రోడ్డు దాకా వచ్చాక నొప్పికి కళ్లు మూతలు పడుతున్నాయి. "అన్నా, కండ్లు మూయొద్దు, ఏదో ఒకటి మాట్లాడు" అన్నాడు. నాకు నోట్లోకి వచ్చింది ప్రార్థన కాదు. "నీ లెక్క..." అన్నా. "లెక్క యాడికి పోతాదిలేన్నా, కాలు కదిలియ్యొద్దు" అన్నాడు.

ఆపరేషనుకు రెండు యూనిట్ల రక్తం కావాలన్నారు. ఒకటి మా బావమరిది ఇచ్చాడు, రెండోది ఆ అబ్బాయి. ఇచ్చి, జ్యూసు తాగి, బస్సెక్కి వచ్చి సాయంత్రం యార్డులో పడిన బండలన్నీ మళ్లీ సర్దాడట. ఆ రోజు కూలి కూడా అప్పటికి బాకీయే.

వారం తర్వాత ఆసుపత్రి మంచం మీద ఆ అధ్యాయం మళ్లీ తీశాను. రెండో వచనం దగ్గర నేను పుస్తకం మూశాను కదా, ఆ తర్వాత ఏముందో చూద్దామని. పొలం కోసేటప్పుడు అంచుల దాకా కోయొద్దు, పరిగె ఏరుకోవద్దు, బీదలకూ పరదేశులకూ వదిలెయ్యి. చెవిటివాణ్ని తిట్టొద్దు. గుడ్డివాడి దారిలో అడ్డం వెయ్యొద్దు. చివర్లో త్రాసులు, గుండ్లు (తూకపు రాళ్లు), కొలతలు సరిగ్గా ఉండాలి. నడుమ పదమూడో వచనం: "కూలివాని కూలి మరునాటి వరకు నీయొద్ద ఉంచుకొనకూడదు." నా బైబిల్లో రెండో వచనమూ ఇదీ ఒకే పేజీలో ఉన్నాయి. పదకొండేళ్లలో ఆ అధ్యాయం మీద కనీసం నాలుగైదు సార్లు మాట్లాడి ఉంటాను. పరిశుద్ధత అంటే ఏమిటో దేవుడు అక్కడే విడమరిచి చెప్తుంటే, నేను దాన్ని వదిలేసి నా సొంత జాబితా చదివాను. ఆ అధ్యాయంలో రక్తం తినడం, శకునాలు, పచ్చబొట్లు లాంటివీ ఉన్నాయి, కాదనను. కానీ మేం వాక్యం చెప్పేవాళ్లం ఎప్పుడూ వాటిమీదే ఎందుకు నిలబడతాం? అవి ఎదుటివాళ్లలో సులభంగా కనబడతాయి. కూలి బాకీ చెప్పేవాడి జేబులో ఉంటుంది.

ఇంకొకటి కూడా తగిలింది. మార్కు ఏడో అధ్యాయంలో కొర్బాను సంగతి ఉంది. తల్లిదండ్రులకు చెందాల్సింది దేవునికి అర్పించానని చెప్పి ఎగ్గొట్టేవాళ్లను ప్రభువు గట్టిగా మందలించాడు. నా 5,000 కానుక కొర్బానే. పరాయివాడి కూలితో పేరు చదివించుకున్నా.

మంచం మీద ఉన్నన్నాళ్లూ ఫోన్లో ప్రసంగాలు చాలా విన్నా. మూడు నిమిషాల ముక్కలు. ఈ ఒక్క మాట నమ్మితే నీ అప్పులన్నీ తీరిపోతాయి అని ఎర్రక్షరాలు. ఎన్ని విన్నా, అప్పు తీరాలంటే ఇచ్చెయ్యాలి అని ఒక్కాయనా అనలేదు. పరామర్శకు వచ్చిన ఒక పెద్దాయన "ఏదో దాచిన పాపం ఉంటాది బ్రదర్, అందుకే ఇట్లయింది" అన్నాడు. ఆ మాట తప్పు. పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు అడిగింది అదే ప్రశ్న, ప్రభువు ఒప్పుకోలేదు. బండలు పడింది నా తొందర వల్ల. కాకపోతే పాపం అన్న మాట వినగానే నాకు 7,700 గుర్తొచ్చింది. అది వేరే సంగతి.

ఆ డబ్బు మీరంతా వైద్యానికి పంపినదాంట్లోంచి ఇవ్వడం న్యాయం కాదు. అందుకని యార్డులో ఒక లాటు బండలు తక్కువ రేటుకే అమ్మించి, మొదట ఆయనకు, తర్వాత మిగతా వాళ్లకు పూర్తిగా ఇప్పించాను. బైబిల్లో జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇచ్చాడు. నేను ఉన్నదున్నట్టు ఇచ్చానంతే, గొప్పేం లేదు. మరుసటి రోజు ఆ అబ్బాయి ఆసుపత్రికొచ్చి 350 రూపాయలు నా దిండు కింద పెట్టాడు. "ఒకరోజు మధ్యాన్నమే పోయినా అన్నా, నువ్వు పూర్తిగా వేసినావు." సరియైన గుండు అంటే ఇది. నేను నోట్సు రాసుకోలేదు గానీ, ఆ నెలలో విన్న ప్రసంగాల్లో మంచిది అదే.

ఇక చెవిపోగు కుర్రవాడు. ఆసుపత్రిలో నేనున్న పద్దెనిమిది రాత్రుల్లో తొమ్మిది రాత్రులు పక్కన పడుకున్నది వాడు. బెడ్‌పాన్ తీసింది వాడు. మా అబ్బాయికి పరీక్షలు కాబట్టి వాడే వచ్చాడు. ఎవరూ పిలవలేదు. "ఆ రోజు నిన్ను అట్లా అన్నా కదరా" అంటే, "మీరన్నాక రీల్ వ్యూస్ పెరిగినాయి అంకుల్" అని నవ్వాడు. క్షమాపణ చెప్పడానికి కూడా సందివ్వలేదు. అందుకే ఇక్కడ చెప్తున్నా: నాయనా, అందరి ముందూ అన్నాను, అందరి ముందూ తప్పు ఒప్పుకుంటున్నా. పోగు ఉంచుకుంటావో తీస్తావో నీ ఇష్టం.

ఈసారి శ్రమల దినాలు, రంజాన్ ఉపవాసాలు కలిసే వచ్చాయి. యార్డు ఎదురుగా టీ హోటల్ భాయి పగలంతా ఉపవాసం ఉండి, రాత్రి నమాజు అయ్యాక మా యార్డులో మంచమేసుకుని కాపలా పడుకున్నాడు. మోటారు, పాలిష్ మిషను ఉన్నచోటే ఉన్నాయి. భాయ్, పండుగనాడు నువ్వు పంపిన సేమ్యా తిన్నాను, డాక్టరు తీపి వద్దన్నా.

మా ఊళ్లో క్యాంబెల్ ఆసుపత్రి సంగతి మీకు తెలుసు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో లండన్ మిషన్ వాళ్లది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక దాని కిందికి వచ్చింది. మా నాయనమ్మ ఆ ఆసుపత్రి గురించి ఎన్నోసార్లు చెప్పేది. ఆ దొరల ప్రసంగాల్లో ఒక్క ముక్కా ఆమెకు గుర్తులేదు. చిన్నప్పుడు కాలి కురుపుకు కట్టు కట్టి, తిట్టి, బెల్లం ముక్క పెట్టిన నర్సమ్మ మాత్రం చచ్చేదాకా గుర్తుంది. ప్రొద్దుటూరులో నన్ను చూసిన నర్సులకు కూడా ఇదే చెప్పాను. ఇద్దరూ నవ్వి సూది వేశారు.

పాస్టరయ్యకు, పాస్టరమ్మగారికి, ప్రతి బుధవారం ఉపవాస ప్రార్థనలో నా పేరు ఎత్తిన అక్కలకు, వంతులేసుకుని సంగటి, పప్పు, చెనిక్కాయల ఊరిబిండి పంపిన పది ఇళ్లవాళ్లకు చెప్పడానికి నా దగ్గర మాటలు తక్కువ. ఊరిబిండిలో కారం మాత్రం ఎక్కువైంది, ఎవరో తర్వాత చెప్తా.

లెక్క కూడా చెప్పాలి. ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కింద జరిగింది. మీరంతా కలిపి పంపింది 38,200. బయట కొన్న మందులు, వాకర్, ఫిజియోథెరపీ, చెకప్‌లకు ఆటో, తోడున్నవాళ్ల తిండి కలిపి 34,750 అయింది. మిగిలిన 3,450, బిల్లులన్నీ సంఘం ట్రెజరర్ దగ్గర ఉన్నాయి. ఆరాధన అయ్యాక ఎవరైనా చూడొచ్చు. ఆ మిగిలింది సంఘంలో తర్వాత ఎవరు ఆసుపత్రిలో చేరితే వాళ్లకు.

నన్ను మళ్లీ ఎప్పుడు వాక్యం చెప్తావని కొందరు అడుగుతున్నారు. ఈ ఏడాదికి వద్దని పాస్టరయ్యతో చెప్పాను. శనివారం బట్వాడా మాత్రం ఇప్పుడు సాయంత్రం ఐదింటికే అవుతోంది.

చివరగా, మా ఇంట్లో ఇంకా నాలుగు స్టీలు క్యారియర్లు ఉన్నాయి. ఒకదాని మూత మీద నక్షత్రం గుర్తు గీసి ఉంది, ఇంకోదానికి మూతే లేదు. మీవైతే వచ్చి తీసుకోండి. నేను ఎక్కడికీ పోలేను కాబట్టి ఎప్పుడొచ్చినా ఇంట్లోనే ఉంటా.