కుట్టు గది పని ఎక్కడిదాకా వచ్చిందంటే

మా దగ్గర జాకెట్లు, బొంతలు కుట్టించుకునే అక్కలకు, పిన్నిగార్లకు,

దసరాకి ఇస్తానన్న 6 బొంతలు, 11 జాకెట్లు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. గది బాగు చేయిస్తున్నాను, పది రోజులు ఆగమన్నాను. ఇవాళ్టికి 34 రోజులు. నెపం వానల మీద వేయవచ్చు గానీ సగం తప్పు నాదే.

ఇన్నాళ్లూ పాలకొల్లులో మా ఇంటి వెనక వరండాలోనే కుట్టాను. జాకెట్లకు అది చాలు. చిక్కంతా బొంతతోనే. అయిదున్నర మీటర్ల నూలు చీరను సగానికి కోసి పక్కపక్కన అతికితే డబుల్ కాట్ మంచానికి ఒక పొర అవుతుంది. అలాంటివి నాలుగు పేర్చి, నేల మీద మోకాళ్లతో పాకుతూ విడి కుట్లు వేసి, అప్పుడు మిషన్ మీదికి ఎక్కించాలి. సూదికీ కుడిపక్క దిమ్మకీ మధ్య జానెడు చోటు కూడా ఉండదు. బొంతను చాపలా చుట్టి అందులో దూరుస్తాను. మిగిలిన బరువంతా ఎడమపక్కన కిందికి వేలాడుతూ గుడ్డను లాగేస్తుంది. సూది విరుగుతుంది, కుట్టు వంకర పోతుంది. కిందటేడు కొందరి బొంతల్లో గీతలు మధ్యలో వంపు తిరిగింది అందుకే. అది డిజైన్ అని నేను చెప్పింది అబద్ధం.

అందుకని ఈసారి మిషన్ వెనకా, ఎడమపక్కనా బల్ల ఉండేలా, మిషన్ పీఠం ఆ బల్లతో సమంగా కూర్చునేలా చేయించాను. అది చక్కగా కుదిరింది. కత్తిరింపు బల్ల దగ్గరే దెబ్బతిన్నాను. ఎత్తెంత అని వడ్రంగి అడిగితే "మామూలు బల్లంత" అన్నాను. ఆయన భోజనాల బల్లలా 30 అంగుళాలకు చేశారు. రెండు రోజులు వంగి కత్తిరించేసరికి నడుము పట్టేసింది. నిలబడి కత్తిరించాలంటే మోచేతికి కాస్త కిందుగా ఉండాలి, నాకైతే 36. ఇప్పుడు బల్ల ఒక్కో కాలి కింద రెండేసి ఇటుకలు పెట్టాను. వచ్చినప్పుడు నవ్వకండి.

మిషన్ తూర్పు ముఖంగా ఉండాలని మా అత్తగారు, వెలుతురు ఎడమ నుంచి రావాలని నేను. ఉత్తరాన కిటికీ పెట్టిస్తే ఇద్దరి మాటా నెగ్గింది. పసుపు బల్బు కింద ఎరుపు జాకెట్టుకు మెరూన్ దారం వేసిన రోజులు ఇక పోయినట్టే. ఇస్త్రీ పెట్టెకు వేరే లైను లాగించాను. గోడ చెమ్మకు మాత్రం మందు దొరకలేదు, మీ గుడ్డలున్న బీరువాను నాలుగు అంగుళాలు ముందుకు జరిపాను.

కొత్త బల్ల మీద మొదట కుట్టింది ఒక లంక గ్రామం నుంచి ఒకావిడ తెచ్చిన చీరలు. 2022 జులై వరదలో వాళ్ల ఇంట్లో నానినవి. ఎన్ని ఉతుకులు ఉతికినా ఒక చీర అంచు పొడవునా ఒండ్రు చార పోలేదు. లోపలి పొరలో వేసేస్తానన్నాను. "వద్దమ్మా, అమ్మ చీర, పైకే కనపడనీ" అన్నారావిడ. వేశాను.

గదికి 86 వేలు అయింది, అందులో సగం చీటీ డబ్బు. అందుకని డబుల్ బొంత కుట్టుకూలి వచ్చే నెల నుంచి 900 కాదు, 1,100. ఇప్పటికే ఇచ్చినవారికి పాత ధరే. ఆలస్యమైన జాకెట్లు ఈ శనివారానికి, బొంతలు వారానికి రెండు చొప్పున ఇస్తాను. చీరలు గంజి లేకుండా ఉతికి తీసుకురండి, గంజి గుడ్డలో సూది దిగడం కష్టం. ఫాల్స్ కూడా విప్పి తెస్తే నాకు ఒక పూట మిగులుతుంది.