జూన్ 22 నుంచి ఏం చేయాలో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

2015 నుంచి ఏటా జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం వచ్చిందంటే పత్రికల నిండా యోగా ఫొటోలే. 2025లో విశాఖ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షల మంది ఒకేసారి ఆసనాలు వేశారు. చాలామంది జీవితంలో మొదటిసారి చాప పరిచేది ఆ ఉత్సాహంలోనే కాబట్టి అది మంచిదే. కానీ ఆరుద్ర కార్తెలో వానలు పట్టుకోగానే పార్కుల్లో క్లాసులు పలచబడతాయి. జనం బద్ధకస్తులని తేల్చేయడం తేలిక. పిల్లలకు నేర్పినా, పెద్దలకు నేర్పినా మాకు కనిపించే కారణం వేరు. ఏడాదంతా ఒకే వేళ, ఒకే ఆసనాలు, ఒకే మోతాదు పెట్టుకోవడం వల్ల సాధన తెగిపోతోంది.

ఆయుష్ శాఖ రూపొందించిన ఉమ్మడి యోగా క్రమం 45 నిమిషాలది. పదిమంది కలిసి చేయడానికి చక్కగా కుదిరింది. ఇంట్లో దాన్నే కొలబద్దగా పెట్టుకుంటే మాత్రం 45 నిమిషాలు దొరకని రోజున అసలు చాపే పరవరు. అందుకే ముందు ‘కనీసం ఇంత’ అనే పావుగంట ఖాయం చేసుకోవాలి. మెడ, భుజాలు, నడుము, చీలమండలు తిప్పడానికి మూడు నిమిషాలు. తర్వాత తాడాసనం (నిటారుగా నిలబడి చేతులు పైకి చాచడం), మార్జాలాసనం (చేతులు, మోకాళ్ల మీద పిల్లిలా వెన్ను వంచడం) ఎనిమిదిసార్లు, భుజంగాసనం (బోర్లా పడుకుని ఛాతీ ఎత్తడం) మూడుసార్లు, వక్రాసనం (కూర్చుని నడుము తిప్పడం) రెండు వైపులా అర నిమిషం చొప్పున. ఆపైన నాడీశోధన, అంటే ఒక ముక్కుతో పీల్చి రెండో ముక్కుతో వదిలే ప్రాణాయామం, తొమ్మిది ఆవృతులు. నాలుగు అంకెలు పీల్చి, ఆరు అంకెలు వదిలితే రెండు వైపులా కలిపి ఒక ఆవృతికి 20 సెకన్లు, మొత్తం మూడు నిమిషాలు. చివర మూడు నిమిషాలు శవాసనం. తీరిక దొరికిన రోజున దీనికి కలుపుకోవచ్చు గానీ ఇందులోంచి తగ్గించకూడదు.

వేళ విషయంలో పట్టుదల ఇంకా ఎక్కువ నష్టం చేస్తోంది. తెల్లవారుజామున లేవలేకపోయాం కాబట్టి ఇవాళ్టికి లేదు అనుకునేవాళ్లే ఎక్కువ. హఠయోగ ప్రదీపిక అనే పాత గ్రంథం యోగాన్ని చెడగొట్టే ఆరింటిలో ‘నియమాగ్రహం’ అని ఒకటి చెబుతుంది. చన్నీళ్ల ప్రాతఃస్నానం లాంటివాటిని పట్టుకుని వేలాడటమని దానికి ఆ గ్రంథ వ్యాఖ్యాత బ్రహ్మానందుడి వివరణ. పొద్దున్నే టిఫిన్లు, లంచ్ బాక్సులతో సతమతమయ్యే ఇల్లాలికి ఐదింటికే లేచి యోగా చేయమనడం న్యాయం కాదు. ఇడ్లీ తిన్న రెండు గంటల తర్వాత, పదకొండింటికి చేసుకుంటే ఏ లోటూ లేదు. పూర్తి భోజనమైతే మూడు నాలుగు గంటలు, కాఫీ అయితే అరగంట ఆగితే చాలు.

ఇక చలికాలం. ఎక్కువ దెబ్బలు తగిలేది అప్పుడే. ధనుర్మాసపు తెల్లవారుజామున చల్లటి గచ్చు మీద కూర్చుని, ఒళ్లు వేడెక్కకుండానే పశ్చిమోత్తానాసనంలో కాళ్లు పట్టుకుని లాగుతారు. కూర్చున్నప్పుడు నేలకు ఆనే పిరుదు ఎముక దగ్గర తొడ వెనక కండరం అతుక్కుని ఉంటుంది. లాగినప్పుడు దెబ్బతినేది అక్కడే. అది మానడానికి నెలలు పడుతుంది, ఈలోగా యోగా పడలేదని మానేస్తారు. చాప కింద జంపఖానా వేసుకోండి. ముందు ఏడెనిమిది నిమిషాలు కీళ్లు కదిలించి, నాలుగు నెమ్మది సూర్యనమస్కారాలు చేశాకే ముందుకు వంగండి. వంగేటప్పుడు మోకాళ్లు కొద్దిగా మడిస్తే తప్పేమీ లేదు. రథసప్తమికి 108 సూర్యనమస్కారాలు తలపెట్టేవారు నెల ముందే 12తో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. ఒక్కసారిగా దిగితే ముందు మణికట్లు, తర్వాత భుజాలు పట్టేస్తాయి. వేళ్లు విప్పి, బరువు అరచేయి అంతటా పడేలా చూసుకోవాలి.

ఎండాకాలం సంగతి తేలికే. పొద్దున ఆరులోపు ముగించండి, సూర్యనమస్కారాలు మూడో వంతుకు తగ్గించండి, వేగంగా ఊపిరి పీల్చి వదిలే భస్త్రిక ఆపి, ఒంటికి చలువ చేసే శీతలి ప్రాణాయామం చేయండి. శీతలిలో గాలి నోటితో పీలుస్తాం, ముక్కు వడపోత ఉండదు. కాబట్టి దుమ్ము లేచే రోడ్డు పక్కన వద్దు, ఆస్తమా ఉన్నవారికి అసలే వద్దు.

వానాకాలంలో ముక్కు దిబ్బడకు జలనేతి, అంటే ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, చేసేవారు పెరుగుతారు. అందులో రెండు పొరపాట్లు చూస్తుంటాం. కుళాయి నీళ్లు నేరుగా వాడటం మొదటిది, ఇది ప్రమాదకరం. మరిగించి గోరువెచ్చగా చల్లార్చిన నీళ్లే వాడాలి. అర లీటరుకు నాలుగున్నర గ్రాముల ఉప్పు, అంటే టీ చెంచాకు కాస్త తక్కువ. తగ్గినా పెరిగినా ముక్కు మండుతుంది. ముక్కు సరిగా ఆరబెట్టకపోవడం రెండోది. నడుము వంచి, తలను అటూ ఇటూ తిప్పుతూ మెల్లగా గాలి వదలకపోతే లోపల నీళ్లు నిలిచి తలనొప్పి వస్తుంది.

ఈ కాలంలోనే జ్వరాలు. జ్వరం తగ్గిన మర్నాడే పాత మోతాదులో మొదలుపెట్టకండి. నీరసం పోయేదాకా శవాసనం, మామూలు శ్వాస చాలు. చికున్‌గున్యా తర్వాత కీళ్లనొప్పులు వారాల తరబడి ఉంటాయి. అప్పుడు మోకాళ్లు పూర్తిగా మడిచే వజ్రాసనం, మలాసనం పక్కన పెట్టి కుర్చీలో కూర్చుని చేతులు, చీలమండలు కదిలిస్తే సాధన తెగకుండా ఉంటుంది. సంక్రాంతికి ఊరెళ్లి పది రోజులు మానేసినా పద్ధతి ఇదే. తిరిగి వచ్చాక మొదటి ఐదు రోజులు సగమే చేయాలి. బీపీ, హెర్నియా ఉన్నవారికి, గర్భిణులకు పొట్ట లోపలికి కొడుతూ గాలి బయటికి వదిలే కపాలభాతి ఏ కాలంలోనూ వద్దు. గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవారు తలకిందుల ఆసనాలు వేయకూడదు.

మా విన్నపం రెండు ముక్కలు. జూన్‌లో వేసే ప్రత్యేక పేజీల్లో ఒకటి తగ్గించి, దాన్ని శ్రావణానికి, కార్తీకానికి, మాఘానికి, వైశాఖానికి తలా పావు పేజీగా పంచండి, ఆయా కాలానికి తగిన సాధనతో. మున్సిపాలిటీలకు కూడా మీ పత్రిక ద్వారా ఒక మాట చేరాలి. జూన్ 21న వేసే షామియానా ఒక్క పూటకే. ఆ ఖర్చుతో పార్కులో ఓ మూల రేకుల షెడ్డు, జారని గచ్చు, ఒక లైటు ఏర్పాటు చేస్తే జులై వానల్లోనూ క్లాసు నడుస్తుంది.

ఇట్లు,
కొందరు యోగా శిక్షకులు,
విజయవాడ