మిగిలిన రక్తాన్ని పారబోయకండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గుంటూరు బ్రాడీపేట నుంచి రాస్తున్నాను. మా చెల్లికి మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) ఉంది. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తే మెదడులో, వెన్నుపాములో నరాలను కప్పి ఉంచే మైలిన్ పొరను దెబ్బతీసే జబ్బు ఇది. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల లోపు వారికి, అందులోనూ ఆడవాళ్లకు వస్తుంది. దీని మూలం వెతకడంలో మన రాష్ట్రం చేయగలిగిన పని ఒకటి ఉంది. అది అడగడానికే ఈ లేఖ.

2022లో హార్వర్డ్ పరిశోధకులు అమెరికా సైన్యంలో పనిచేసిన కోటి మందికి పైగా యువతీయువకుల రికార్డులు పరిశీలించారు. 20 ఏళ్లలో 955 మందికి ఎంఎస్ బయటపడింది. వారిలో 801 మంది రక్తం నమూనాలు దొరికాయి. మొదటి నమూనాలో ఎప్‌స్టీన్-బార్ వైరస్ జాడ లేనివారు 35 మందే. వారిలో 34 మందికి ఎంఎస్ మొదలు కాకముందే ఆ వైరస్ సోకింది. సోకాక ముప్పు 32 రెట్లు పెరిగినట్టు తేలింది. ఇది హెర్పిస్ కుటుంబానికి చెందిన వైరస్. ఆటలమ్మను, సర్పిని తెచ్చేదీ ఆ కుటుంబంలోదే. అదే కుటుంబానికి చెంది, ఇదే విధంగా లాలాజలం ద్వారా సోకే సైటోమెగలో వైరస్‌తో మాత్రం ముప్పు పెరగలేదు.

అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఎప్‌స్టీన్-బార్ వైరస్ ప్రొటీన్‌లో ఒక ముక్క మన మెదడులోని ఒక ప్రొటీన్ ముక్కను పోలి ఉందని, కొందరు రోగుల్లో వైరస్ కోసం తయారైన యాంటీబాడీలు రెండింటికీ అతుక్కుంటున్నాయని చూపారు. అయినా వైరస్ ఒక్కటే చాలదు. పెద్దవాళ్లలో నూటికి 90 మందికి పైగా ఒంట్లో అది ఉంది, ఎంఎస్ వచ్చేది అతి కొద్దిమందికి. జన్యువులు, డి విటమిన్ కొరత, పొగతాగే అలవాటు కూడా తోడవుతాయి.

ఈ సంగతి మీ శాఖ గట్టిగా చెప్పాలి. 'వైరస్' అన్న మాట చెవిన పడగానే మా బంధువు ఒకావిడ చెల్లి కంచం, గ్లాసు వేరుగా పెట్టమన్నారు. ఎంఎస్ అంటువ్యాధి కాదు. ఆ సలహా ఇచ్చినావిడ ఒంట్లోనూ ఆ వైరస్ ఉండే ఉంటుంది.

చెల్లికి జబ్బు మొదట కంట్లో కనబడింది. ఏడాది కారానికి తెచ్చిన మిర్చికి తొడిమలు తీస్తూ, ఎడమ కన్ను మూసి, "అక్కా, ఈ కాయలు వెలిసిపోయాయేమిటి, ఇటుక రంగులో ఉన్నాయి" అంది. ఆ కన్ను తెరిస్తే మామూలు ఎరుపే. కుడి కన్ను కదిపితే నొప్పి. చూపించుకుంటే అద్దాలు మార్చి పంపారు. అది కంటి నరం వాపని తెలిసేసరికి కాళ్లు కూడా మొద్దుబారాయి. ఇప్పుడు రోహిణి కార్తె ఎండల్లో ఒళ్లు వేడెక్కితే చాలు, చూపు మసకబారుతుంది, చల్లబడ్డాక తేరుకుంటుంది.

మంత్రి గారూ, అమెరికా సైన్యం ఆ రక్తాన్ని ఎంఎస్ కోసం తీయలేదు. హెచ్‌ఐవీ పరీక్షలకు తీసినదాంట్లో మిగిలిన సీరాన్ని, అంటే రక్తంలోని తేట ద్రవాన్ని, పారేయకుండా అతి చల్లని ఫ్రీజర్లలో దాచింది. ఎన్నో ఏళ్ల తర్వాత అదే సాక్ష్యమైంది. మన ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్ష అయ్యాక మిగిలిన రక్తం చెత్తలోకి పోతోంది. రోగుల అనుమతితో అందులో కొంతైనా దాచమని వేడుకుంటున్నాను.

విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఈ పనికి పూనుకుంటే గుంటూరు జీజీహెచ్, మంగళగిరి ఎయిమ్స్ న్యూరాలజీ విభాగాలు చేయి కలపగలవు. ఈ జిల్లాల ఎంఎస్ రోగుల పట్టిక వైకల్య ధ్రువపత్రాలు ఇచ్చే సదరం శిబిరాల నుంచే మొదలుపెట్టవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ జబ్బును పేరు పెట్టి చేర్చింది. అయితే పట్టికలో చేర్చేముందు ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ పరీక్ష ఉచితంగా చేయించాలి. ఎంఎస్‌ను పోలిన ఎన్ఎంఓ అనే మరో నరాల జబ్బు ఉంది, ఈ పరీక్ష దాన్ని గుర్తించడానికే. ఎంఎస్‌కు వాడే కొన్ని మందులు దాన్ని ముదరబెడతాయి.

మరో సంగతి. పసితనంలో సోకితే ఎప్‌స్టీన్-బార్ వైరస్ సాధారణంగా చిన్న జ్వరంలా వచ్చి పోతుంది. కౌమారంలో సోకితే గొంతునొప్పి, మెడ బిళ్లలు, వారాల తరబడి నీరసం తెచ్చే అవకాశం ఎక్కువ. అలా జబ్బుపడినవారికి తర్వాత ఎంఎస్ ముప్పు రెట్టింపుకు పైనే. గుంటూరు, విజయవాడ జూనియర్ కళాశాలల హాస్టళ్లలో పదహారేళ్ల పిల్లలు ఒకే సీసాలో నీళ్లు తాగుతూ ఉంటారు. వారిలో ఈ వైరస్ ఇంతకుముందే సోకినవారు ఎందరో, ఇంకా సోకనివారు ఎందరో తల్లిదండ్రుల అనుమతితో పరీక్షించి తెలుసుకోవాలి. ఈ వైరస్‌ను అడ్డుకునే టీకాలు ఇప్పటికే మనుషుల మీద ప్రయోగ దశకు వచ్చాయి. రేపు ఒకటి ఆమోదం పొందితే, మన పిల్లలకు ఏ వయసులో వేయాలన్న ప్రశ్న మీ బల్ల మీదికే వస్తుంది. దానికి జవాబు హార్వర్డ్ పరిశోధకులుండే బోస్టన్‌లో దొరకదు.

వచ్చే బడ్జెట్‌లో దీనికి ఒక పద్దు కేటాయించండి. సీరం నిల్వకు డీప్ ఫ్రీజర్లు, పట్టిక రాసే సిబ్బంది, యాంటీబాడీ పరీక్షల ఖర్చు ఉంటే పని మొదలవుతుంది. రక్తం ఇవ్వడానికి మొదట మా చెల్లి, ఆమె వెనుక నేను సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక ఎంఎస్ రోగి అక్క,
బ్రాడీపేట, గుంటూరు